చేతికలములు – దూరదేశపు కఱ్ఱ

కలము చేయుటకు ఏ కఱ్ఱ మంచిదను ప్రశ్న మా వంటయింటి గడప దాటి లోనికి వచ్చునని మేమెన్నడును అనుకొనలేదు. చీర కొనునపుడు నేత చూతుము. బియ్యము కొనునపుడు గింజ నమలి చూతుము. పసుపుకొమ్ము విఱిచి చూతుము. కలము మాత్రము మగవారు కొని తెత్తురు, పిల్లలు పోగొట్టుదురు. అంతటితో దాని కథ ముగియును. అట్టిది గడచిన మాఘమాసమున, మా చిట్టీసొమ్ము చేతికి వచ్చిన వారములోనే, ఆ ప్రశ్న మమ్ము వెదకికొనుచు వచ్చినది.

మా చిన్నమఱది పాలిటెక్నికు చదివి, ఒక కర్మాగారమున ఆఱేండ్లు పనిచేసి, అది మూతపడగా ఇల్లు చేరినవాడు. పెరటిలో పశువులు లేని పశువులపాక యొకటి యున్నది. అందులో చిన్న లేతుమిషను, అనగా మన పెద్దలు తరిమెన యని చెప్పు సాధనమును, నిలుపుకొని మూడేండ్లుగా చేతికలములు చేయుచున్నాడు. ఒకటి రెండు అమ్ముడుపోవుచుండెను గాని, దానితో ఇల్లు గడచునను ధైర్యము ఇంకను కుదురలేదు. ఇంతలో మా వారు పనిచేయు పాఠశాల పూర్వవిద్యార్థులు తమకు చదువు చెప్పిన పన్నిద్దఱు గురువులను సన్మానింపదలచి, తలకొక కలము కానుకగా నిత్తుమని వచ్చిరి. "మామూలు కఱ్ఱ వలదు. విదేశపు కఱ్ఱతో చేసినచో కలమునకు 2,500 రూపాయలిత్తుము" అని వారి మాట.

మఱది ఆ సాయంకాలము వంటయింటి గుమ్మమున నిలువబడి, "వదినా, 14,000 రూపాయలు సర్దుదువా? కఱ్ఱముక్కలు తెప్పింపవలెను. సొమ్ము రాగానే ఇచ్చివేయుదును" అని యడిగెను. చిట్టీసొమ్ము 25,000. అది మా పెద్దమ్మాయి ఇంటర్మీడియెటు చేరుటకై మూడేండ్లు కూడబెట్టినది. జూను నెలలో కట్టవలెను. లేదని చెప్పుటకు నోరు రాలేదు. ఇత్తుమని చెప్పుటకు చేయి రాలేదు. మా వారు పత్రిక మడిచి, "పట్టుచీరకు వేలు పోయుదుము గదా! కలమున కేల పోయరాదు?" అనిరి. మాట బాగున్నదే గాని, పట్టుచీర కొనునపుడు పట్టెంతయో జరీయెంతయో మనకు తెలియును. ఈ కలములో కఱ్ఱ యెంత? "పది దినములు గడువిమ్ము, లెక్క చూచి చెప్పెదము" అంటిమి. ఆ పది దినములును మధ్యాహ్నము వంట ముగిసిన పిదప పీట వేసికొని పాకలో కూర్చుంటిమి. అక్కడ చూచినదియు, తరువాత చదివి తెలిసికొన్నదియు సోదరీమణుల కొఱకు వ్రాయుచున్నాము. ఇప్పుడు ఉపనయనమునకును, ఉద్యోగవిరమణకును, పిల్లలు పట్టము పుచ్చుకొన్నపుడును కఱ్ఱకలములు కానుకగా నిచ్చుట పెరుగుచున్నది. ఆ సొమ్ము పెట్టెలోనుండి తీసియిచ్చునది తఱచుగా మన చేయియే.

కలము చేయువారు కొను కఱ్ఱముక్క సుమారు అయిదంగుళముల పొడవు, ముప్పాతిక అంగుళము వెడల్పు, అంతే మందము గలది. పొయ్యిలో పెట్టు పుల్లకంటె పెద్దదికాదు. దానిని నిడివికి సరిపడ కోసి, నడుమ బెజ్జము వేసి, ఇత్తడిగొట్టము నొకదానిని జిగురుతో అందులో నతికింతురు. అది ఆఱిన పిదప తరిమెనకెత్తి, ఉలితో పైపొఱలన్నియు తీసివేయుదురు. కడకు ఇత్తడిగొట్టముపై నొక తొడుగువలె కఱ్ఱ మిగులును. చివరలయందు ఆ తొడుగు మందము ఒక మిల్లీమీటరైనను ఉండదు. మఱది ఒక ముక్కను ముందును వెనుకను తూచి చూపెను. ఆఱుపాళ్ళలో అయిదుపాళ్ళు పొట్టయి నేలబడినది. మేము చీపురుతో ఊడ్చినది తొమ్మిదివందల రూపాయల కఱ్ఱ పొట్టని తెలిసినపుడు చీపురు చేతిలో ఆగినది!

ఇక వ్రాయునది ఏది? పాళీ. సిరాను పాళీకి అందిచ్చునది దాని క్రింది నాలుక. నాలుకలోని సన్నని గాడి వెంట సిరా దిగుచుండగా, దిగిన మేరకు గాలి లోపలికి పోవుచుండవలెను. ఆ రెండును సరిగా జరిగినచో అక్షరము తెగదు. జరుగనిచో బంగారుతొడుగు వేసినను తెగును. పాళీకొనయందు చిన్న గింజవలె గట్టి మిశ్రలోహము అతికియుండును. అది నునుపుగా సానబట్టబడియున్నచో కలము కాగితముపై జాఱును, లేనిచో గీకును. ఈ పనిలో కఱ్ఱకు పాలు లేదు. కఱ్ఱ చేతికి తగులును, కంటికి కనబడును, బరువు కొంత యిచ్చును. కలము కొన్నవారు మొదటి దినము తొడుగు చూతురు. మూడవ దినమునుండి పాళీయే చూతురు. తిక్కన సోమయాజి చెప్పుచుండగా గురునాథుడు గంటమాపక వ్రాసెనని పెద్దలు చెప్పుకొందురు. ఆ గంటపు పిడి ఏ కఱ్ఱయో ఎవ్వరును చెప్పలేదు.

అట్లని దూరదేశపు కఱ్ఱలలో అందము లేదని చెప్పుట అన్యాయము. మఱది దాచుకొన్న ముక్కలను ఒకనాడు చాపపై పఱచెను. మేమును ముగ్ధులమైతిమి. మెక్సికో మొదలుకొని పనామావఱకు పెరుగు కొకొబోలో యని యొకటి: నారింజవన్నెపై నల్లని గీతలు, నిప్పులో పొగ తిరుగుచున్నట్లుండును. దక్షిణ అమెరికా ఉత్తరభాగమున, సురినాము గయానా దేశముల అడవులలో దొరకు స్నేక్‌వుడ్డు ఒకటి. పాముపొడలవలె మచ్చలుండుటచే ఆ పేరు. ఆ మచ్చలే అక్షరములవలె కనబడుటచే దానికి అక్షరములకఱ్ఱ యనియు పేరున్నదట. కలము చేయుటకు ఇంతకంటె తగిన పేరు గల కఱ్ఱ యేది? చెట్టు లావు కాదు. మచ్చలున్నది లోని చేవయందే. అదియు అన్ని చెట్లకు ఉండదు. కాబట్టియే ఆ వెల. ఇక టాంజానియా, మొజాంబికు ప్రాంతములలో పెరుగు ఆఫ్రికా నల్లకఱ్ఱ: క్లారినెట్టు, ఓబో యను వాద్యములు దీనితోనే చేయుదురు. నీటిలో వేసిన మునుగును. నూనె గలిగి, ఉలి క్రింద కొమ్మువలె తెగి, పైపూత లేకయే మెఱయును.

ముక్కలలో ఊదావన్నెది ఒకటి మా అమ్మాయి ఏరుకొన్నది. పర్పుల్‌హార్టని దాని పేరు. ఆ వన్నెకే దానిని కొందురు; కాని వెలుగు సోకుచుండగా అది గోధుమవన్నెకు దిగిపోవును. ఆఫ్రికా పడూకు కూడ అంతే. ఎఱ్ఱగా వచ్చి మట్టివన్నెకు మాఱును. రంగు వెలయు చీరను అంగడివాడు రెండవమాఱు మన కమ్మలేడు. కఱ్ఱ విషయమున మనకా జ్ఞానము లేకపోవుటచేత అమ్మగలుగుచున్నాడు.

మఱదికి మొదటి దెబ్బ స్నేక్‌వుడ్డు వలననే తగిలినది. క్రిందటి యేడు తన సొమ్ముతో నాలుగు ముక్కలు తెప్పించెను. అమ్మినవాడు బాగుగా ఆఱిన కఱ్ఱ యని మాట యిచ్చెను. ఒకటి తరిమెనపైననే చీలినది. రెండవదానితో చేసిన కలమును ఊరి పెద్దమనిషి యొకరు ముచ్చటపడి కొనిరి. వైశాఖము దాటగానే అది తిరిగివచ్చినది. మూతనుండి నడిమివఱకు వెండ్రుకవలె సన్నని చీలిక. ఆయన నోటితో ఏమియు ననలేదు. కలమును బల్లపై నుంచి లేచిపోయిరి. మఱది సొమ్ము తిరిగి యిచ్చి, రెండు దినములు పాకలోనికి పోలేదు.

ఇట్లు జరుగుటకు కారణము తెలిసికొన్నచో దేశపు కఱ్ఱకును విదేశపు కఱ్ఱకును గల భేదము సగము తెలిసినట్లే. కఱ్ఱ తన చుట్టునున్న గాలిలోని తేమను పీల్చుచు విడుచుచు నుండును. పీల్చినపుడు ఉబ్బును, విడిచినపుడు కుదించుకొనును. నిడివియందు ఈ మార్పు మిక్కిలి స్వల్పము. అడ్డముగా, ముఖ్యముగా చెట్టుచుట్టు వలయముల వెంబడి, అధికము. లోనున్న ఇత్తడిగొట్టము తేమకు కదలదు. పైతొడుగు కుదించుకొనదలచును, గొట్టము అడ్డుపడును. కఱ్ఱకు దారి లేక చీలును. స్నేక్‌వుడ్డు గట్టిది, పెళుసుది. దాని కీ గుణ మధికము. ఎక్కడనో తేమగల అడవిలో పుట్టి, ఓడ నెక్కి, గిడ్డంగిలో నుండి, మన యూరికి వచ్చిన ముక్కను వారముదినములలో తరిమెన కెక్కించినచో ఏమగును? రోహిణికార్తెలో రోళ్ళు పగులునందురు. రాతిరోలే పగులునపుడు మిల్లీమీటరు తొడుగుమాట చెప్పనేల?

ముక్క రాగానే పైన తేదీ వ్రాసి, బరువు తూచి, నీడలో గాలి తగులుచోట నుంచి, నెలకొకమాఱు తూచుచుండవలెను. బరువు తగ్గుట ఆగినపుడు అది మన గాలికి అలవడినదని గుఱుతు. బెజ్జము వేసిన పిదపకూడ కొన్నాళ్ళాగుట మేలు. ఈ ఓపిక లేనివారు ఎంత వెల పెట్టినను చీలికనే కొనుచున్నారు. వడియములు సగము ఆఱకుండగనే డబ్బాలో పోసినవారి గతియే వారికిని పట్టును.

చెప్పవలసినది మఱియొకటి కలదు. గృహిణులు దీనిని ముఖ్యముగా వినవలెను. కొకొబోలో తిప్పిన నాడు మఱది ముంజేతులపై ఎఱ్ఱని దద్దురులు లేచినవి. ఆ చొక్కా ఉతికిన మా చేతులును రెండు దినములు దురదపెట్టినవి. ఆ కఱ్ఱ పొట్టు కొందఱి చర్మమునకు, శ్వాసకు పడదని తరువాత తెలిసినది. దాని చుట్టములైన జిట్రేగి జాతులకును ఈ గుణము కొంత గలదు. ఒకమాఱు పడనిచో మఱుమాఱు మఱింత పడదు. అప్పటినుండి ముక్కునకు నోటికి మంచి ముసుగు లేనిదే తిప్పరాదని మేము నిబంధన పెట్టితిమి. పొట్టును పొడిచీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తీయుచున్నాము. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానవేయము. ఉబ్బసము గల పెద్దలున్న ఇంటిలో ఈ పని వసారాలో పెట్టుకొనరాదు. వెల లెక్కవేయువారు దీనిని లెక్కలో చేర్చరు.

ఇంక పత్రముల సంగతి. ఎఱ్ఱచందనము మన శేషాచలపు కొండలలోనిదే గదా, దానితో కలము చేసిన విదేశపు కఱ్ఱ కేమి తీసిపోవునని మేమడిగితిమి. మఱది నవ్వి, "వదినా, దానికొఱకు అడవిలో ఎన్ని ప్రాణములు పోయినవో పత్రికలో చదువుచుందువు గదా!" అనెను. నిజమే. అటవీశాఖవారి అనుమతిపత్రము లేని ఎఱ్ఱచందనపు ముక్క మన యింట నుండుట చిక్కు తెచ్చిపెట్టును. చిన్నముక్కయే గదా యనుట సమాధానము కాదు. అంతరించుచున్న జంతువుల, వృక్షముల వర్తకమును కట్టడి చేయుటకై 1973లో దేశములు చేసికొన్న సైటిస్ ఒడంబడికలో ఎఱ్ఱచందనము 1995నుండి చేరియున్నది. జిట్రేగి, కొకొబోలో, ఆఫ్రికా నల్లకఱ్ఱ ఈ మూడును ఒకే కులమునకు చెందినవి. ఆ కులమంతయు 2017 జనవరినుండి ఆ జాబితాలో చేరినది. బ్రెజిలు జిట్రేగి 1992లోనే మఱింత కఠినమైన కట్టడికి లోనైనది. కాబట్టి సరిహద్దు దాటివచ్చు కఱ్ఱకు పత్రములుండవలెను. పత్రము చూపుడని యడిగినపుడు అమ్ము వ్యక్తి మాట మార్చినచో, ఆ వెలలో కఱ్ఱతోపాటు మఱియేదియో కొనుచున్నామని తెలిసికొనవలెను.

నల్లకఱ్ఱను గూర్చి చెప్పునపుడు మన రాజమహేంద్రవరము జ్ఞాపకము రాకపోదు. ఇంగ్లీషువారు ఎబొనీ యను నల్లచేవకఱ్ఱ మిక్కిలి ప్రియమైనది. మనకు బీడీయాకు నిచ్చు తునికిచెట్టు కూడ ఆ కులములోనిదే. దాని చేవయు నల్లనిదే. పందొమ్మిదవ శతాబ్దమధ్యమున రబ్బరును గంధకముతో కలిపి కాచి, ఆ కఱ్ఱవలె నల్లగా గట్టిగా నుండు పదార్థ మొకటి చేసిరి. ఎబొనీవలె నుండుటచే దానికి ఎబొనైటని పేరు పెట్టిరి. అనగా ప్రియమైన కఱ్ఱకు బదులుగా పుట్టినది! కాని కలముల విషయమున ఆ బదులువస్తువే మేలని తేలినది. సిరా దానిని తినదు, తేమకు ఉబ్బదు, మఱలు చక్కగా తెగును. కఱ్ఱగొట్టములో సిరా నేరుగా పోయరాదు. పోసిన రంధ్రములలోనికి ఇంకి పైకి మరకలుగా తేలును. ఎబొనైటు కలములో నిండుగా పోసికొనవచ్చును. రాజమహేంద్రవరమున కె.వి. రత్నంగారు స్వదేశీవ్రతముతో చేతితో చేసిన కలమును గాంధిగారు వాడి, బాగున్నదని 1935లో ఉత్తరము వ్రాసిరి. అది ఎబొనైటు కలమే. చేతికలమునకు గౌరవము రావలెనన్న కఱ్ఱ సముద్రము దాటి రానక్కఱలేదని మఱదికి చెప్పుటకు మా కింతకంటె మంచి ఆధారము దొరకలేదు.

మా కింకొక ఆధారము దగ్గఱలోనే యున్నది. మా యూరికి కొన్ని గంటల ప్రయాణమున, వరాహనది యొడ్డున ఏటికొప్పాక గ్రామమున్నది. అక్కడివారు అంకుడుకఱ్ఱ తిప్పి లక్కపిడతలు, బొమ్మలు చేయుదురు. అంకుడు తెల్లని మెత్తని కఱ్ఱ, అడవిలో కొట్టితెచ్చుకొన్నది, ఎవరును దానిని చూచి ముగ్ధులు కారు. తిరుగుచున్న కఱ్ఱకు లక్కకడ్డీ నొత్తుదురు. రాపిడి వేడిమికి లక్క కరగి పట్టుకొనును. ఆ మీద మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. అందలి రంగులు పసుపు, నీలి మొదలగు మొక్కలనుండి తీసినవి కలవు. ఆ యూరి బొమ్మలకు 2017లో భౌగోళికగుఱుతు లభించినది. ఆ రంగుల విద్యను నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ యిచ్చిరి. అక్కడ వెల కఱ్ఱది కాదు, చేతిది. మఱదిని ఆదివారమునాడు అక్కడికి తీసికొని పోతిమి. ఒక ముసలాయన తరిమెనముందు కూర్చుండి, మాటలాడుచునే కుంకుమభరిణ మూత బిగుతు సరిచూచి తీసెను. మఱది ఆ భరిణను తెఱచుచు మూయుచు బస్సులో ఇల్లు చేరువఱకు మాటలాడలేదు.

తిరిగివచ్చిన రాత్రి లెక్క వేసితిమి. పన్నెండు కలములకు మంచి పాళీ, నాలుక, లోహపు భాగములు 7,200 రూపాయలు. ఇది తగ్గింపరాదని ఇరువురము ఒప్పుకొంటిమి. విదేశపు ముక్క యొక్కటి 900 చొప్పున పన్నెండును, చీలిపోవువాటికి బదులు మఱి మూడును 13,500. మొత్తము 20,700. వచ్చునది 30,000. మిగులునది 9,300. ఇందులో రెండు కలములు చీలి తిరిగివచ్చినచో 5,000 పోవును. మాట పోవుట వేఱు. మఱది తలవంచుకొని, "మఱి వారికి మామూలు కఱ్ఱ వలదట గదా!" అనెను.

అప్పుడు మూలనుండి అత్తగారి గొంతు వినబడినది. "మామూలు కఱ్ఱ యనగా ఏది నాయనా? మన చండ్రరోకలి మామూలుదా? మా అత్తగారు కాపురమునకు వచ్చిననాటిది. ఎన్ని పెండ్లిండ్లకు పసుపు దంచినదో!" ఆ రోకలి నాలుగేండ్ల క్రిందట నడిమికి విఱిగి అటుకపై పడియున్నది. ఆమె పొయ్యిలో పెట్టనీయలేదు. మఱది నిచ్చెన వేసి దించెను. చేతులు పట్టి పట్టి నడుము నున్ననై, చేవ ఎఱ్ఱనల్లగా, ఇనుమువలె బరువుగా నున్నది. ఎన్ని రోహిణికార్తెలు చూచినదో! ఇక దానికి పగులు భయమేల? మఱునాడు మా వారు పూర్వవిద్యార్థులలో నొకరితో మాటలాడగా ఇంకొక సంగతి తెలిసినది. 2014 అక్టోబరులో హుదుద్ తుపానుకు పాఠశాల ఆవరణలోని చింతచెట్టు కూలినది. దాని మొద్దు నొకదానిని ఆయన తన కొబ్బరితోటలోని పాకలో దాచియుంచిరి. ఆ చెట్టు నీడనే వారందఱును ఎక్కములు వల్లించినవారు.

అందఱును వెంటనే ఒప్పుకొనిరని వ్రాసిన అబద్ధమగును. ఒకరు "చింతకఱ్ఱకు 2,500 ఏమిటి?" అనిరి. మాట న్యాయమే. 2,000కు దించితిమి. వేఱొకరు ప్రధానోపాధ్యాయులకు మాత్రము నల్లని విదేశపు కఱ్ఱయే యుండవలెనని పట్టుబట్టిరి. సరే యని ఆఫ్రికా నల్లకఱ్ఱ ముక్క నొకదానిని పత్రముతో సహా 1,100 రూపాయలకు తెప్పించితిమి. చింతమొద్దు కోత 500. చింతలో చేవ తక్కువ, తెల్లకఱ్ఱ ఎక్కువ. తెల్లకఱ్ఱను పురుగు తొలుచును. ఒక ముక్కలో పురుగుబెజ్జము కానరాక మఱది చివరవఱకు తిప్పి పాఱవేసెను. ఇట్టి నష్టము మన కఱ్ఱలోను కలదు. కాని అది మనకు కూలిమాత్రపు నష్టము. రోకలిని తిప్పుట కష్టమైనది. ఉలి మాటిమాటికి మొద్దుబాఱినది. కడకు ఏడు చింతకలములు, నాలుగు రోకలికలములు, ఒక నల్లకఱ్ఱకలము.

నల్లకఱ్ఱకలము మాత్రము మా మాటలకు సిగ్గుపఱచునంత బాగుగా వచ్చినది. పూత లేదు, గీత లేదు. చల్లగా, బరువుగా, చేతిలో నిలిచినది. మా వారు దానిని తిరిగి బల్లపై పెట్టుటకు చాలసేపు పట్టినది. కాబట్టి దూరదేశపు కఱ్ఱ కొనదగదని మేము చెప్పము. చేయి కుదిరిన పనివానికి, ముక్కను ఏడాది నిలువయుంచు ఓపిక గలవానికి, పత్రము చూపి అమ్మువాడు దొరకినపుడు, కోరినవారు ఆ వెల తెలిసి యిచ్చునపుడు, ఆ కఱ్ఱ తన వెల తాను తెచ్చుకొనును. నేర్చుకొనుచున్నవాడు దానిని చెఱచుటకు కొనరాదు. పాళీసొమ్ము తగ్గించి కఱ్ఱలో పెట్టువాడు కొననే రాదు. కానుక కొను సోదరీమణులు మాత్రము అంగడిలో కఱ్ఱపేరు అడుగుటకు ముందు సిరా నింపించి నాలుగు పంక్తులు వ్రాసి చూడవలెను. మూత తీసి యొక నిమిషము ఆగి మఱల వ్రాసి చూడవలెను. వెంటనే సిరా దిగనిచో కఱ్ఱ ఏ దేశపుదైనను తిరిగి యిచ్చివేయుడు.

మఱది మా వద్ద పుచ్చుకొన్నది 8,800 మాత్రమే. వచ్చినది 24,500. చిట్టీసొమ్ము చెల్లించి, మిగిలిన 15,700తో ఉలులకు సానయంత్రము నొకటి కొనెను. అమ్మాయి రుసుము జూను మొదటివారమున కట్టితిమి. సన్మానసభలో విశ్రాంత తెలుగు పంతులమ్మగారికి రోకలికలము వచ్చినది. ఆమె దానిని వాసన చూచి, "పసుపు వాసన వచ్చుచున్నదే!" అనిరి. అరువదేండ్ల పసుపు ఇంకను నిలిచియున్నదో, కథ వినుటచే వచ్చినదో మాకు తెలియదు. రోహిణికార్తె గడచినది, ఇంతవఱకు ఒక్క కలమును తిరిగిరాలేదు.

రోకలి పొన్ను మాత్రము కలములలో ఇమడలేదు. అత్తగారు దానిని చింతపండుతో తోమి మఱది కిచ్చిరి. ఇప్పుడది పాకలో అతని బల్లపై నున్నది. సిరాబుడ్డి ఒరిగిపోకుండ అందులో నిలిపి పాళీలు ముంచి చూచుచుండును.